లాన్ దగ్గర పదిలం: చేయవలసినవి, చేయకూడనివి

టెక్సాస్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్ల ముంగిట్లో పచ్చగా పరుచుకునే బెర్ముడా గ్రాస్ వినాయక చవితికి మనం పూజలో పెట్టే గరికే. ఇండియాలో రైతు పొలంలోంచి వేళ్లతో సహా పీకి గట్టు మీద పారేసే మొక్కని ఫ్రిస్కోలో, ప్లేనోలో డబ్బిచ్చి పరిపించుకుంటాం. ఆ తర్వాత ఎండాకాలమంతా వారం వారం కోత, నీళ్లు, ఎరువు, కలుపు మందు. దెబ్బలన్నీ ఈ పనుల దగ్గరే తగులుతాయి. మోవర్‌నీ మందు డబ్బానీ ఎంత తక్కువసార్లు గ్యారేజ్‌లోంచి బయటికి తీస్తే ఇంటికి అంత క్షేమం. అందుకే జాగ్రత్త గడ్డి ఎంచుకునే రోజునే మొదలవ్వాలి.

వేసే ముందు

ఎండ బాగా తగిలే పెరడైతే బఫెలో గ్రాస్ గురించి ఆలోచించండి. అమెరికా దేశం నడిమి మైదానాల్లో సహజంగా పెరిగే రకం ఇది. పొట్టిగా ఉంటుంది, నీళ్లు తక్కువ తాగుతుంది, ఏడాదికి కొద్దిసార్లు కోసినా చాలు. నీడలో మాత్రం వేయకండి, బతకదు. న్యూజెర్సీ, వర్జీనియా వైపు వాళ్లకి టాల్ ఫెస్క్యూ నయం. సెప్టెంబరులో విత్తి, మూడు నాలుగు అంగుళాల ఎత్తున ఉంచితే తన నీడతో తనే కలుపుని అణిచేస్తుంది. పొట్టిగా గొరిగితేనే అందమన్న భ్రమ వదులుకోండి.

మట్టి పరీక్ష చేయించకుండా ఎరువు కొనకండి. టెక్సాస్‌లో ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్, న్యూజెర్సీలో రట్గర్స్ కొద్దిపాటి రుసుముతో ఆ పని చేసిపెడతాయి. హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) ఒప్పుకోదేమోనని వెనకాడుతున్నారా? కరవును తట్టుకునే మొక్కల్నీ గడ్డినీ హెచ్‌ఓఏలు నిషేధించకూడదని టెక్సాస్ 2013లో చట్టం చేసింది. అయితే ప్లాన్ ముందుగా చూపించమని అడిగే హక్కు వాళ్లకుంది. చూపించే మొదలుపెట్టండి.

స్ప్రింక్లర్ గొట్టాలకో చెట్టుకో గొయ్యి తవ్వేముందు 811కి ఫోన్ చేయండి. 2007 నుంచి దేశమంతటా ఇదే నంబరు, ఖర్చేమీ లేదు. కొద్ది రోజుల్లో మనుషులొచ్చి గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో రంగుతో గుర్తు పెట్టి వెళతారు. మీరు సొంతంగా వేయించుకున్న లైన్లు, ఉదాహరణకు పెరట్లో గ్రిల్‌కి లాగిన గ్యాస్ పైపు, వాళ్ల లెక్కలోకి రావు. అది ఎటు పోయిందో మీరే గుర్తుంచుకోవాలి.

మోవర్ దగ్గర

బ్లేడు కొస గంటకు దాదాపు 200 మైళ్ల వేగంతో తిరుగుతుంది. దాని కింద పడ్డ గులకరాయి తూటాలా దూసుకొస్తుంది. కోతకు ముందు రాళ్లు, పిల్లల బొమ్మలు, నీళ్ల పైపు ముక్కలు ఏరేయండి. మూసిన బూట్లు, పొడుగు ప్యాంటు, కళ్లద్దాలు తప్పనిసరి. హవాయి చెప్పులతో మోవర్ నెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. పెట్రోలు మోవర్ అయితే చెవులకీ రక్షణ పెట్టుకోండి.

అడ్డుపడిన గడ్డిని చేత్తో తీయకండి. వేళ్లు పోయేది ఎక్కువగా అక్కడే. ఇంజన్ ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచాక, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, కర్రతో గెలకండి. బ్యాటరీ మోవర్ అయితే బ్యాటరీ బయటికి తీసేయండి. అసలు గడ్డి అడ్డుపడేది రెండు కారణాల వల్ల: తడిగా ఉన్నప్పుడు కోయడం, మూడు వారాలు వదిలేసి హెచ్‌ఓఏ ఉత్తరం రాగానే ఒక్క దెబ్బతో నేలమట్టం చేయబోవడం. ఒక కోతలో ఎత్తులో మూడో వంతు మించి తీయకండి. గడ్డికీ మంచిది, వేళ్లకీ మంచిది. తెగిన గడ్డిని అక్కడే రాలనివ్వండి. అది ఎరువవుతుంది, సంచీ ఖాళీ చేయడానికి మాటిమాటికీ ఆగే పనీ తప్పుతుంది.

నెట్టుకుంటూ నడిచే మోవర్ హ్యాండిల్ మీది కడ్డీని వదిలితే బ్లేడు మూడు సెకన్లలో ఆగాలన్నది 1982 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన. చెయ్యి నొప్పెడుతోందని ఆ కడ్డీకి తాడు కట్టేసే మహానుభావులున్నారు. ఆ పని చేయకండి. వాలు నేల మీద నెట్టే మోవర్‌ని అడ్డంగా నడపండి, పైకీ కిందికీ కాదు. ఎక్కి కూర్చునే మోవర్‌కి ఈ నియమం తారుమారవుతుంది: పైకీ కిందికే నడపాలి.

వేడిగా ఉన్న ఇంజన్‌లో పెట్రోలు పోయకండి. గ్యారేజ్ తలుపు తీసి ఉన్నా సరే, లోపల ఇంజన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు.

పిల్లలు, పెద్దవాళ్లు

నెట్టే మోవర్‌కి 12 ఏళ్లు, ఎక్కి నడిపేదానికి 16 ఏళ్లు నిండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. కోత జరిగేటప్పుడు చిన్నపిల్లల్ని ఇంట్లోనే ఉంచండి. ముద్దుకని ఒళ్లో కూర్చోబెట్టుకుని మోవర్ తిప్పకండి.

మన ఇళ్లలో ఇంకో సంగతుంది. ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన నాన్నగారికి పొద్దుపోదు. మీరు ఆఫీసు మీటింగులో ఉండగా లుంగీ ఎగ్గట్టి మోవర్ తీస్తారు. “మీకెందుకు నాన్నా ఆ పని” అంటే వినరు. సేద్యం చేసిన మనిషికి గడ్డి కోత ఒక లెక్కా! లెక్కే. ఆ మెషీన్ ఆయనకి కొత్త, జూలై ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్, విజిటర్ ఇన్సూరెన్స్ ఎంతవరకు ఆదుకుంటుందో మీకు తెలుసు. బ్యాటరీ తీసి బీరువాలో పెట్టండి, ఆయనకి గోంగూర మడి అప్పగించండి. షుగరున్నవాళ్లని వట్టి కాళ్లతో గడ్డిలో నడవనివ్వకండి. దక్షిణాది రాష్ట్రాల్లో ఫైర్ యాంట్స్ పుట్టలు పైకి కనిపించకుండానే కాళ్లకింద ఉంటాయి. ఈశాన్య రాష్ట్రాల్లో పెరటి వెనక అడవి ఉంటే గోమారి లాంటి టిక్స్ పట్టుకుంటాయి. లాన్‌కీ అడవికీ మధ్య మూడడుగుల వెడల్పున చెక్కపేళ్లు పరవండి, పని ముగిశాక ఒళ్లు వెతుక్కోండి.

మందులు, ఎరువులు

వీడ్ అండ్ ఫీడ్ సంచుల్లో ఎక్కువ భాగం వెడల్పాకు మొక్కల్ని చంపేవే. మీ గోంగూర, బీర, సొర, టమాటా అన్నీ వెడల్పాకువే. గాలి వీస్తున్నప్పుడు చల్లకండి. చాలా లేబుళ్లు 85, 90 డిగ్రీలు దాటితే వాడవద్దంటాయి, టెక్సాస్‌లో అంటే వేసవి మొత్తమన్నమాట. మందు కొట్టిన గడ్డిని కూరగాయల మొదట్లో కప్పకండి. మందు కొట్టిన లాన్‌లోంచి చవితికి గరిక కోయకండి, పత్రి పిల్లల చేతుల్లోంచే దేవుడి దగ్గరికి వెళుతుంది.

న్యూజెర్సీవాళ్లు మరీ చూసుకోవాలి. 2011 నాటి చట్టం ప్రకారం నవంబరు 15 నుంచి మార్చి 1 వరకు ఇంటివాళ్లు లాన్‌కి ఎరువు వేయకూడదు. ఫాస్ఫరస్‌కి మట్టి పరీక్ష ఆధారం ఉండాలి. వాన ముంచుకొస్తుంటే ఎక్కడివాళ్లయినా ఆగండి.

మిగిలిన మందుని నీళ్ల సీసాలోకో పచ్చడి జాడీలోకో మార్చకండి, వచ్చిన డబ్బాలోనే తాళం వేసి ఉంచండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పి పావుగంట సేపు నీళ్లతో కడగండి. మింగితే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కి, మనిషి స్పృహ తప్పితే 911కి ఫోన్ చేయండి. అప్పుడు డబ్బా చేతిలో ఉండాలి, లేబుల్ మీది పేరూ ఈపీఏ నంబరూ చదివి చెప్పాల్సి వస్తుంది.