డిసెంబరు 31 రాత్రి: పోలీసుల సూచనలు, క్యాజువాలిటీ అనుభవం



ప్రతి సంవత్సరం డిసెంబరు నెల సగం దాటేసరికి హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల పోలీసులు పత్రికలకు ఒక ప్రకటన ఇస్తారు. ఫలానా ఫ్లైఓవర్లు మూసివేస్తాం, ఫలానా చోట తనిఖీలు ఉంటాయి, తాగి బండి నడిపితే ఇంత జరిమానా అని అందులో ఉంటుంది. హాస్టల్ గదుల్లో దాన్ని చదివి నవ్వుకునేవారే ఎక్కువ. "ఏ సందులోంచి పోతే పోలీసులు ఉండరు" అనేదే చర్చ అవుతుంది. ఆ ప్రకటనలోని ప్రతి వాక్యం వెనుక మాలాంటి ఆస్పత్రుల క్యాజువాలిటీ గది ఒకటి ఉంది. పోలీసులు జరిమానా సంగతి చెబుతారు గాని శరీరం సంగతి చెప్పరు. అది చెప్పవలసిన బాధ్యత వైద్యులది. అందుకే ఈ పాఠం.

కొన్నేళ్ల కిందట జనవరి 1 తెల్లవారుజామున ఐదు గంటలకు ఇద్దరు కుర్రాళ్లు తమ స్నేహితుణ్ణి ఆటోలో మా ఆస్పత్రికి తీసుకువచ్చారు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థి. రాత్రి ఒంటిగంటకు బండి మీద నుండి పడ్డాడు. తలకు చిన్న బొప్పి కట్టింది, రక్తం రాలేదు. లేచి బట్టలు దులుపుకున్నాడు, జోకులు వేశాడు, మెట్లెక్కి గదికి వెళ్లి పడుకున్నాడు. మూడు గంటలకు గట్టిగా గురక పెట్టాడు. స్నేహితులు "మత్తులో ఉన్నాడు, పొద్దున్నే లేస్తాడు" అనుకుని దుప్పటి కప్పారు. ఐదింటికి ఒకరికి అనుమానం వచ్చి లేపితే లేవలేదు. మేము చూసేసరికి ఎడమ కంటిపాప పెద్దదై ఉంది, కుడి చెయ్యి కదలడం లేదు. పుర్రె లోపల, మెదడు పొర పైన రక్తం గడ్డకట్టింది. వెంటనే పెద్ద ఆస్పత్రికి పంపించాం, ఆపరేషను జరిగింది. ప్రాణం దక్కింది. కుడి చేత్తో మళ్లీ పరీక్ష రాయడానికి ఏడాదికి పైగా పట్టింది.

ఆ కుర్రాళ్లను "ఒంటిగంటకే ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగాను. ఒకడు తలవంచుకుని, "కేసు అవుతుందేమోనని భయపడ్డాం మేడమ్. వార్డెన్‌కు తెలుస్తుంది, వాళ్ల నాన్నకు తెలుస్తుంది" అన్నాడు. వాళ్లు చెడ్డ స్నేహితులు కారు. రాత్రంతా పక్కనే కూర్చున్నారు. కాని దేనికి భయపడాలో వారికి తెలియలేదు.

తల దెబ్బా? మత్తా?

తలకు దెబ్బ తగిలిన మనిషి మొదట బాగానే మాట్లాడి, గంటో రెండు గంటలో గడిచాక మగతలోకి జారిపోవచ్చు. పగిలిన రక్తనాళం నుండి రక్తం కొద్దికొద్దిగా చేరి మెదడును నొక్కడమే దీనికి కారణం. పుర్రె ఎముక కనుక సాగదు. లోపల చోటు తగ్గేకొద్దీ మెదడే నలుగుతుంది. మత్తులో ఉన్న మనిషీ ఇలాగే తూలుతాడు, ముద్దముద్దగా మాట్లాడతాడు, వాంతి చేసుకుంటాడు, నిద్రపోతాడు. రెండింటినీ బయట నుండి చూసి తేడా చెప్పడం అనుభవం ఉన్న డాక్టరుకు కూడా కష్టమే. స్కానింగ్ చేస్తేనే తెలుస్తుంది. కాబట్టి తాగి ఉన్న మనిషి పడిపోయి తలకు దెబ్బ తగిలితే "మత్తు" అనే మాటను పక్కన పెట్టండి. తలదెబ్బగానే భావించి ఆస్పత్రికి తీసుకురండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, ముక్కు నుండి గాని చెవి నుండి గాని రక్తం లేదా నీరు, ఫిట్స్, కంటిపాపల్లో తేడా వీటిలో ఏది కనిపించినా ఒక్క నిమిషం కూడా ఆగవద్దు.

రెండు పెగ్గులకు ఏమవుతుంది?

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే బండి నడపడం నేరం. 30 మిల్లీలీటర్ల స్మాల్ పెగ్గు విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. అరవై కిలోల బరువున్న కుర్రాడు ఖాళీ కడుపుతో రెండు స్మాల్ పెగ్గులు తాగితే చాలు, ఆ హద్దు దాటే అవకాశం ఉంది. అమ్మాయిల శరీరంలో నీటి పాలు తక్కువ కనుక అదే మోతాదుకు ఇంకా ఎక్కువ చేరుతుంది. "బీరే కదా" అనేవారు సీసా మీది అంకె చూడాలి. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి దాదాపు నాలుగు స్మాల్ పెగ్గులతో సమానం.

కాలేయం గంటకు సుమారు ఒక స్మాల్ పెగ్గుకు మించి తీసివేయలేదు. బ్లాక్ కాఫీ, నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఏవీ దాని వేగం పెంచవు. కాఫీ తాగితే నిద్రమత్తు తగ్గినట్టు అనిపిస్తుంది, రక్తంలోని ఆల్కహాలు మాత్రం అలాగే ఉంటుంది. ఎనర్జీ డ్రింకులు కలిపి తాగేవారికి ఇదే ప్రమాదం. మత్తు తెలియదు కనుక ఇంకా తాగుతారు. అరవై కిలోల మనిషి అర్ధరాత్రి పన్నెండుకు ఒక క్వార్టర్ గబగబా ముగిస్తే, హద్దు కిందికి దిగేసరికి మర్నాడు ఉదయం ఎనిమిది కావచ్చు. జనవరి 1 పొద్దున్నే ఊరికి బయలుదేరేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. నిద్ర లేచినంత మాత్రాన మత్తు దిగినట్టు కాదు.

పోలీసులు చెప్పేవి

హైదరాబాదులో ఆ రాత్రి అనేక ఫ్లైఓవర్లు, పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే మూసివేస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి విమానాశ్రయానికి వెళ్లేవారిని తప్ప కార్లను రానివ్వరు. నెక్లెస్ రోడ్డు, ట్యాంక్‌బండ్ వైపు వాహనాలు ఆపుతారు. ఇది పండుగను చెడగొట్టడానికి కాదు. ఖాళీగా, ఎత్తుగా, మలుపుతో ఉన్న రోడ్డు మీద మత్తులో వేగం తెలియదు. ఫ్లైఓవర్ గోడకు కొట్టుకున్న బండి మీది మనిషి కింద రోడ్డు మీద పడతాడు.

చట్టాన్ని 2019లో సవరించాక తాగి నడిపిన మొదటి నేరానికి 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు. రెండోసారి దొరికితే 15,000 రూపాయల జరిమానా లేదా రెండేళ్ల వరకు జైలు లేదా రెండూ. ఉద్యోగాలకు, వీసాలకు దరఖాస్తు చేసుకునే వయసులో కోర్టు రికార్డు ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అంటే డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఎక్కువమందికి అసలు ఈ చర్చే ఉండకూడదు. కాని ఉంది కనుకనే రాస్తున్నాను.

వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణం ఏర్పాటు చేసుకోవాలని పోలీసులు చెబుతారు. ఇది చాలా తెలివైన సలహా. రాత్రి ఒంటిగంటకు మత్తులో ఉన్న ఆరుగురు కలిసి తీసుకునే నిర్ణయం సాయంత్రం ఆరింటికి ఒకరు తీసుకునే నిర్ణయం కంటే మంచిది కాదు. గుంపులో ఒకరు ఆ రాత్రి చుక్క ముట్టకూడదు. తాళాలు సాయంత్రమే వారి చేతికి ఇవ్వాలి. ఆ మనిషిని "ఒక్క పెగ్గే కదరా" అని బతిమాలేవాడు స్నేహితుడు కాడు. క్యాబ్ దొరక్కపోతే అక్కడే తెల్లవారే దాకా కూర్చోండి. ముగ్గురు ఎక్కిన బండి మీద వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ ఉండదు, పట్టుకోవడానికి ఆధారమూ ఉండదు. మా దగ్గరికి వచ్చేవారిలో తాగనివారు కూడా ఉంటారు. అదే సమయంలో వాచ్‌నైట్ ఆరాధన ముగించుకుని పిల్లలతో స్కూటర్ మీద ఇంటికి వెళ్లే కుటుంబాలు, రాత్రి డ్యూటీ దిగిన నర్సులు, పాలవారు అదే రోడ్డు మీద ఉంటారు.

అమ్మాయిలకు పోలీసులు చెప్పే జాగ్రత్తలు మీకు తెలిసినవే. గ్లాసు వదిలి వెళ్లకండి, వదిలితే మళ్లీ ముట్టకండి. క్యాబ్ నంబరు ఇంటికి పంపండి. అవసరమైతే 112కు ఫోన్ చేయండి. హైదరాబాదులో 2014 నుండి షీ టీమ్స్ కూడా ఉన్నాయి. అయితే ఈ జాగ్రత్తలన్నీ అమ్మాయిలకే చెప్పి ఊరుకోవడం నాకు నచ్చదు. అబ్బాయిలూ వినండి. మత్తు వల్ల జరుగుతున్నది ఏమిటో తెలియని స్థితిలో ఉన్న వ్యక్తి "సరే" అన్నా చట్టం దృష్టిలో అది సమ్మతి కాదు.

మేడ మీద పార్టీలు పెట్టుకునేవారు పిట్టగోడ ఎంత ఎత్తుందో వెలుతురులోనే చూసుకోండి. మర్నాడు సూర్యలంకకో ఋషికొండకో వెళ్లేవారు తాగి సముద్రంలోకి దిగవద్దు. ఎవరైనా మునిగిపోతుంటే ఈత వచ్చినా వెనుకనే దూకవద్దు. తాడు, వెదురు గడ, ముడివేసిన చున్నీలు, ఏది దొరికితే అది అందించండి.

లేపినా లేవకపోతే

ఈ భాగాన్ని హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించినా మాకు అభ్యంతరం లేదు. మితిమీరి తాగినప్పుడు ఊపిరిని నడిపే మెదడు భాగం కూడా మందగిస్తుంది. చివరి గ్లాసు తాగి పడుకున్నాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. అంటే నిద్రపోయిన మనిషి పరిస్థితి ఇంకా దిగజారవచ్చు. గట్టిగా పిలిచినా, భుజం నొక్కినా కళ్లు తెరవకపోవడం, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువసార్లు ఊపిరి తీయడం, ఊపిరికి ఊపిరికి మధ్య పది సెకన్లు దాటడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, ఒళ్లు చల్లబడటం, ఫిట్స్ రావడం, ఇవి ప్రాణాపాయ సూచనలు. ఒక్కటి చాలు. 108కి ఫోన్ చేయండి.

వాహనం వచ్చే లోపు వెల్లకిలా పడుకోబెట్టకండి. మత్తులో దగ్గు రాదు, కనుక వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మేము చూసే మరణాల్లో ఇదొక కారణం. పక్కకు తిప్పండి. పైకి వచ్చిన మోకాలు ముందుకు మడవండి, పైచేతిని చెంప కింద పెట్టండి, తల కాస్త వెనక్కి వంచి నోరు కిందికి ఉండేలా చూడండి. దెబ్బ తగిలిన మనిషి అయితే అనవసరంగా కదపవద్దు. వాంతి వస్తే మాత్రం తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కసారిగా తిప్పండి. గొంతులో వేలు పెట్టి కక్కించకండి. నోట్లో ఏమీ పోయకండి. నీళ్లు గుమ్మరించకండి. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి.

కేసు భయం

మళ్లీ ఆ కుర్రాడి మాటకు వస్తాను. ప్రమాదంలో దెబ్బ తగిలినవారికి ముందు వైద్యం, తరువాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. క్షతగాత్రులను ఆస్పత్రికి చేర్చినవారిని వేధించకూడదని 2016లో మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019 సవరణలో 134ఏ సెక్షన్‌గా అదే చట్టంలోకి వచ్చింది. మంచి మనసుతో రోడ్డు ప్రమాద బాధితుణ్ణి తీసుకువచ్చినవారు తమ పేరు, చిరునామా చెప్పాలని పోలీసులు గాని ఆస్పత్రి గాని బలవంతం చేయకూడదు. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా నిర్ణీత ఆస్పత్రులలో వైద్యం అందించాలి.

ప్రమాదం కేసు వస్తే మేము పోలీసులకు తెలియజేస్తాం. అది మా విధి, దాచి చెప్పను. అది ఏం జరిగిందో నమోదు చేయడమే గాని తీసుకువచ్చిన స్నేహితుల మీద ఫిర్యాదు కాదు. వార్డెన్ కోప్పడతారు, నాన్న కోప్పడతారు, అది నిజమే. ఆ కుర్రాడి తండ్రి ఆ రోజు ఆపరేషన్ థియేటర్ బయట ఎవరినీ కోప్పడలేదు. "రాత్రే నాకు ఫోన్ చేసి ఉంటే బాగుండేది నాయనా" అని మాత్రం ఆ ఇద్దరితో అన్నారు.

ఆస్పత్రికి వచ్చాక మాకు అబద్ధం చెప్పవద్దు. ఏం తాగాడు, ఎంత, ఎప్పుడు ముగించాడు, గంజాయి గాని మాత్రలు గాని కలిశాయా, ఎన్నింటికి పడ్డాడు, పడ్డాక మాట్లాడాడా, ఎన్నిసార్లు వాంతి అయింది అన్నవి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మిగిలిన సీసా ఉంటే వెంట తీసుకురండి. మేము ఇచ్చే మందు, తీయించే స్కానింగ్ ఆ జవాబుల మీదనే ఆధారపడి ఉంటాయి.