తోడు ఎవరో తేల్చేది మీరే: ఆటిజం ఉన్న పెద్దలు తరచూ అడిగే ప్రశ్నలు

నాకు పద్దెనిమిదేళ్లు దాటాయి. అయినా ప్రతి సంతకం అమ్మానాన్నే పెట్టాలంటున్నారు. నిజమేనా?

కాదు. 18 నిండాక మీ బదులు సంతకం పెట్టే అధికారం తల్లిదండ్రులకు దానంతటదే రాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆస్తి, బ్యాంకు ఖాతా, అప్పు విషయాల్లో మీకు అందరితో సమాన హక్కుందని ఆ చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఒకరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. బ్యాంకుకు అన్నయ్య తోడు రావచ్చు, ఫారం చదివి వినిపించవచ్చు. మేనేజరు ఆయనతోనే మాట్లాడుతుంటే, "ఖాతా నాది, నాతో చెప్పండి" అని ముందే రాసుకున్న చీటీ చూపించండి. నోరు పెగలని రోజున రాసి చూపినా అది మీ మాటే.

సాయం చేసే మనిషికే ఆ వ్యవహారంలో లాభం ఉంటే?

ఆ ఒక్క వ్యవహారం నుంచి ఆయన తప్పుకోవాలి. మీ వాటా ఇల్లు కొనాలనుకునే బాబాయి ఆ అమ్మకంలో మీ తరఫు మనిషి కాలేడు. తోడున్నవాళ్లను ఎప్పుడైనా మార్చుకునే హక్కూ మీకుంది. వాళ్లు మీమీద ఒత్తిడి తేకూడదు, మీ గోప్యతను కాపాడాలి.

ఎంతమంది ఉండాలి?

చట్టం సంఖ్య ఏదీ పెట్టలేదు. నలుగురైనా చాలు, కానీ ఎవరు దేనికో తేలాలి. డబ్బు లెక్కలకు అక్క. మీటింగులో చెప్పిన పనిని మెసేజ్‌గా పంపడానికి ఆఫీసులో ఒకరు. తాళంచెవి ఇచ్చి ఉంచడానికి పై ఇంటి ఆంటీ. వీలైతే ఆటిజం ఉన్న మరో స్నేహితుడు కూడా. వివరించకుండానే అర్థమయ్యే మనిషి ఒకరుండటం చాలా పెద్ద ఆసరా. భారమంతా అమ్మ మీదే వేయడం ఆమెకూ మీకూ మంచిది కాదు. తట్టుకోలేని స్థితి వస్తే ఏం చేయాలో రాసి అందరికీ ఇవ్వండి: "లైటు ఆపండి. ప్రశ్నలు వద్దు. ముట్టుకోవద్దు. అరగంట వదిలేయండి."

ఇంట్లో గార్డియన్‌ను పెడతామంటున్నారు.

నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ఆటిజానికీ వర్తిస్తుంది. కలెక్టర్ సభ్యుడిగా ఉండే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమించగలదు. అయితే అసలు అవసరమా, ఏ పనులకు అన్నది ముందు చూడాలి. 2016 చట్టం చెప్పే పరిమిత గార్డియన్‌షిప్ ఒక నిర్దిష్ట నిర్ణయానికీ, కాలానికీ మాత్రమే, అదీ మీతో సంప్రదించి. సాయంతో గడిచే పనికి గార్డియన్‌ను ఒప్పుకోవద్దనే నేను గట్టిగా చెబుతాను. ఆ మాట కమిటీ ముందు మీరే చెప్పండి.

ఆందోళన, డిప్రెషన్‌కు చికిత్స తీసుకుంటుంటే?

ఆటిజం మానసిక రోగం కాదు, కానీ ఇవి తోడవుతుంటాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద మీ ప్రతినిధిని మీరే పెట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేయండి. ఆ మనిషీ సమ్మతి రాసివ్వాలి. బంధువే కానక్కర్లేదు.

సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ లేకపోతే?

ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మీ తోడును మీరు ఎంచుకోవడానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఈ వారమే ఒకరిని అడగండి.