యు-బూట్‌కి పార్టిషన్ చదవడం నేర్పిద్దాం: ఉద్దానం మోటారు షెడ్డులో నేను తిన్న దెబ్బ

ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి అప్‌డేట్ ఫెయిలైతే పాత వెర్షనే మళ్లీ లేస్తుంది. అదే ఏర్పాటు మన చిన్న బోర్డులో ఎలా చేసుకోవాలో ఈసారి చూద్దాం.

కవిటి దగ్గర మావయ్య కొబ్బరితోటలో, మోటారు షెడ్డులో ఆల్‌విన్నర్ హెచ్3 చిప్ ఉన్న బోర్డు పెట్టాను. మోటారు ఎన్ని గంటలు నడిచిందో లెక్క పంపుతుంది. విజయనగరంలో కూర్చునే కెర్నెల్ అప్‌డేట్ చేశాను. సాయంత్రానికి ఫోన్: "ఏట్రా, నీ డబ్బా లేవట్లేదు!" బస్సులు మారి వెళ్లి సీరియల్ కేబుల్ పెడితే, "స్టార్టింగ్ కెర్నెల్" దగ్గర ఆగిపోయి ఉంది.

తప్పు నాదే. కెర్నెల్‌ని ఎస్‌డీ కార్డులో ఒక సెక్టార్ నంబరు దగ్గర నేరుగా రాసేసి, యు-బూట్ చేత హెక్సాలో 2000 సెక్టార్లు చదివించేవాణ్ని. అంటే 8192 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 4 ఎంబీ. కొత్త కెర్నెల్ 5 ఎంబీ దాటింది. తోక తెగినది ఎలా లేస్తుంది?

ఫైల్ పేరుతో అడిగితే ఈ గొడవే ఉండదు, సైజు ఫైల్‌సిస్టమే చెబుతుంది. దానికి ముందు పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో యు-బూట్‌కి తెలియాలి. ఎంబీఆర్ పద్ధతిలో అది కార్డు మొదటి సెక్టార్లోనే ఉంటుంది: 446వ బైటు నుంచి 16 బైట్ల ఎంట్రీలు నాలుగు, చివర 55 ఏఏ గుర్తు. ఒక్కో ఎంట్రీలో 8వ బైటు నుంచి ప్రారంభ సెక్టార్, 12 నుంచి సైజు. ఇదంతా చదివే కోడ్ యు-బూట్‌లో ఉంది. మెనూకాన్ఫిగ్‌లో డాస్ పార్టిషన్, ఫ్యాట్, జనరిక్ ఫైల్‌సిస్టమ్ కమాండ్లు ఆన్ చేసి బిల్డ్ చేస్తే చాలు. "పార్ట్ లిస్ట్ ఎంఎంసీ 0" కొడితే పట్టిక, "ఎల్ఎస్ ఎంఎంసీ 0:1" కొడితే ఫైళ్లు కనిపిస్తాయి.

కొత్తది కదా అని జీపీటీ పెట్టకండి, నేను పెట్టి ఒక రాత్రి పోగొట్టుకున్నాను. హెచ్3 బూట్ రామ్‌కి ఫైల్‌సిస్టమ్ తెలీదు. కార్డులో 8 కేబీ దగ్గర, అంటే 16వ సెక్టార్లో ఎస్‌పీఎల్ కోసం చూస్తుంది. జీపీటీ పట్టిక మామూలుగా 33వ సెక్టార్ దాకా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎంబీఆర్ పెట్టి, మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్ నుంచి మొదలుపెడితే గొడవ లేదు. ఎస్‌పీఎల్‌కి ఉన్న చోటే 32 కేబీ, అందులో ఫైల్‌సిస్టమ్ ఇరికించొద్దు. ఆ పని అసలు యు-బూట్‌ది.

ఇక కరెంటు. తిత్లీ తుపాను చూసిన ప్రాంతం అది, గాలి గట్టిగా వీస్తే లైను పోతుంది. ఫ్యాట్‌కి జర్నల్ లేదు. రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సగమే మిగలొచ్చు. అందుకే రెండు బూట్ పార్టిషన్లు పెట్టాను. నడుస్తున్నదాన్ని ముట్టుకోను, కొత్త కెర్నెల్ రెండోదాంట్లోకే వెళ్తుంది. యు-బూట్‌లో బూట్‌కౌంట్ ఆన్ చేసి, బూట్‌లిమిట్ 3 ఇచ్చాను. అది దాటితే ఆల్ట్‌బూట్‌సీఎండీ పాత పార్టిషన్ ఎత్తుకుంటుంది. కౌంట్‌ని చిప్ రిజిస్టర్లో పెడితే కరెంటుతో పాటే చెరిగిపోవచ్చు, కాబట్టి ఎన్విరాన్‌మెంట్‌లో, అదీ రెండు కాపీలుగా ఉంచాను. లైనక్స్ సరిగ్గా లేచాక కౌంట్‌ని సున్నా చేయడం మర్చిపోవద్దు.

పరీక్ష కోసం కావాలనే పాడు కెర్నెల్ పంపి, మావయ్యకి ఫోన్ చేశాను. స్విచ్ మూడుసార్లు ఆపి వేయమన్నాను.

"వేశాన్రా. లైటు మిణుకుమంటంది."