‘రైట్’ అనే పదం – అర్థాలు, పర్యాయపదాలు

శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో గాని, విజయనగరం బస్సు కాంప్లెక్సులో గాని ఒక పావుగంట నిలుచుంటే ‘రైట్, రైట్’ అనే కేక ఎన్నిసార్లు వినబడునో లెక్కపెట్టుట కష్టం. కండక్టరు ఆ మాట అనగానే డ్రైవరు బండిని కుడివైపునకు త్రిప్పడు, ముందుకు నడుపుతాడు. ‘హోల్డాన్’ అంటే ఆపుతాడు. ఇంగ్లీషు నిఘంటువును ఎన్నడూ తాకని ప్రయాణికులకు కూడ ఈ అర్థం తెలుసు. పలుకపై ఉపాధ్యాయుడు పెట్టే రైటు గుర్తుది ఇంకొక అర్థం. తప్పుకు పెట్టే గుర్తును మనవారు ‘ఇంటూ’ ఎందుకన్నారో అది వేరే కథ.

పదానికి నిజమైన చిరునామా ప్రజల నోరు. శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకటరామమూర్తి పంతులుగారు సవరల నోట విని ఆ భాషను నేర్చి, 1931లో వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించినారు. ఆ ప్రాంతపు విద్యార్థులమైన మనం ఒక చిన్న ఇంగ్లీషు పదాన్ని అదే విధంగా పరిశీలించుట బాగుండును.

‘రైట్’ పదానికి మూలార్థం తిన్ననిది, వంకర లేనిది. లాటిన్ భాషలోని ‘రెక్టస్’, సంస్కృతంలోని ‘ఋజు’ దీనికి జ్ఞాతులు. మనం ‘ఋజుమార్గం’ అన్నప్పుడు తెలియకుండానే ఇంగ్లీషువాని ‘రైట్’కు దాయాదిని పలుకుచున్నాము. తిన్నని దారి అనే భావం నుండి ఒప్పు అయిన మాట, న్యాయమైన నడత, చివరకు న్యాయంగా ఒకనికి రావలసినది అనే అర్థాలు ఒకదాని వెంట ఒకటి పుట్టినవి. ఎక్కువమందికి వాటమైన చేయి కనుక కుడిచేయి ‘రైట్’ అయినది. ఎడమచేతివాటం వారికి ఇది కొంత అన్యాయమే!

ఇక్కడ ఒక ముచ్చట చెప్పవలెను. సంస్కృతంలో ‘దక్షిణ’ శబ్దానికి కుడి అని, దక్షిణ దిక్కు అని రెండర్థాలు. తూర్పుముఖంగా నిలుచున్న వానికి కుడిప్రక్కన ఉండేది దక్షిణమే కదా. ఆ పదమే ప్రాకృతం మీదుగా ‘దక్కన్’ అయినది. ఆ దక్కన్ నుండి ‘దక్కనీ’ ఉర్దూ పేరు వచ్చినది. మన ఉర్దూ విభాగపు మిత్రులు తమ భాష పేరులో కుడిచేయి దాగి ఉన్నదని ఎప్పుడైనా తలచినారా?

ఇక ఒప్పు అనే అర్థం. దీనికి ‘కరెక్ట్’, ‘ప్రాపర్’, ‘జస్ట్’ అనేవి పర్యాయపదాలని గైడుపుస్తకాలు ఒకే వరుసలో చెప్పి ఊరకుంటవి. కాని ఇవి ఒకటి కావు. చావు జరిగిన ఇంటికి పోయి బాకీ అడిగిన వానిని ఊహించండి. అతడు చెప్పిన మొత్తం ‘కరెక్ట్’. బాకీ రావలసినదే గనుక అడుగుట ‘జస్ట్’ అని వాదించవచ్చును. అయినను అది ‘ప్రాపర్’ కాదని పసివాడు కూడ చెప్పగలడు. ఈ మూడింటినీ ‘రైట్’ ఒక్కటే మోయగలదు; అందుచేతనే పరీక్షలో మనవారు ఎక్కడ పడితే అక్కడ దానినే వ్రాయుదురు. తెలుగులో సరి, ఒప్పు, తగినది, సబబు అనే మాటలున్నవి. ఉర్దూలో సహీ, దురుస్త్, వాజిబ్ ఉన్నవి. ‘సబబు’తో మాత్రం జాగ్రత్త. అది ఉర్దూలో కారణం, తెలుగులో న్యాయం. రెండు ఇండ్లలో పెరిగిన బిడ్డకు రెండు స్వభావాలు అబ్బినట్లున్నది.

అన్నిటికంటె బరువైన అర్థం హక్కు. ఈ మాట అరబ్బీ ‘హఖ్’ నుండి వచ్చినది; అక్కడ దానికి సత్యం అనే అర్థం కూడ ఉన్నది. గోలకొండ ప్రభువుల కాలాన చికాకోలు వారి ఫౌజుదారులకు కేంద్రము. షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో నిర్మింపజేసిన జామియా మసీదు ఆ కాలానికి సాక్షి. వకీలు, జామీను, ఫిర్యాదు, దస్తావేజు వంటి పరిపాలన మాటలు తెలుగునాట ఇట్టి కచేరీల ద్వారానే రైతుల నోటికెక్కినవి. నేటికీ క్రయదస్తావేజులలో ‘హక్కుభుక్తములు’ అని వ్రాయుదురు. అరబ్బీ ఒక చేయి, సంస్కృతం ఒక చేయి వేసి పట్టుకున్న మాట అది.

హక్కును దాని ఇరుగుపొరుగు మాటలతో కలపరాదు. ‘క్లెయిమ్’ అనగా నాది అని అడుగుట. హక్కు లేనివాడును అడుగవచ్చును. ‘కన్సెషన్’ అనగా రాయితీ. విద్యార్థి బస్సు పాసు అటువంటిది. రాజ్యాంగం ఈ భేదాన్ని ఎంత శ్రద్ధగా పాటించినదో చూడండి. మతం చేతగాని, భాష చేతగాని అల్పసంఖ్యాకులైనవారు విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనుటను 30వ అధికరణం ‘రైట్’ అన్నది. మన కళాశాల నిలిచినది ఆ మాట మీదనే. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనను గురించిన 350–ఏ అధికరణం, 1956లో చేరినది, ‘రైట్’ అనలేదు. రాష్ట్రాలు తగిన ‘ఫెసిలిటీస్’ కల్పించుటకు యత్నింపవలెనన్నది. హక్కుకు, సదుపాయానికి నడుమ ఎంత దూరమో బడిలో పంతులు లేని పిల్లలకు తెలియును.

ఒక అనుభవం. నాగావళి ఒడ్డునున్న ఒక పల్లె నుండి వచ్చిన విద్యార్థి తన తాతగారికి వచ్చిన ఇంగ్లీషు నోటీసును చదివి అర్థం చెప్పినాడు. అందులో భూమిని గూర్చి ‘రైట్, టైటిల్ అండ్ ఇంటరెస్ట్’ అని ఉన్నది. మనవాడు ‘హక్కు, బిరుదు, వడ్డీ’ అన్నాడు! ఎవరి వద్దా అప్పు చేయని ఆ పెద్దాయన, వడ్డీ మాట విని, కాగితం పొరపాటున తనకు వచ్చినదనుకొని చూరులో పెట్టినారు. జవాబుకు ఇచ్చిన గడువు పదిహేను రోజులు. పదకొండవ నాడు ఆ విద్యార్థి అనుమానం తీర్చుకొనుటకు నా వద్దకు వచ్చినాడు.

ఆ సందర్భంలో ‘టైటిల్’ అనగా యాజమాన్యానికి చట్టం ఒప్పుకొనే ఆధారం. ‘ఇంటరెస్ట్’ అనగా ఆ ఆస్తిలో ఒకనికి గల లబ్ధి, సంబంధం. ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023లో అమలులోకి వచ్చి, 2024లో రద్దగువరకు, ఈ ‘టైటిల్’ మాట మీదనే రచ్చబండలు ఎంత వేడెక్కినవో మీకు గుర్తుండే ఉండును.

ఆ సాయంకాలమే తాతామనుమలను వకీలు వద్దకు పంపినాను. మిగిలిన నాలుగు రోజులలో, పాత దస్తావేజు నకలు జతపరచి, జవాబు పంపించినారు. వెళ్ళే ముందు తాతగారు నన్ను అడిగినది ఒక్కటే: “వడ్డీ లేదన్నారు, బాగుంది బాబూ. మరి ఆ బిరుదేటి?”