లారీకి కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ ఎందుకు పట్టలేదు?

పిల్లలూ! పుత్తూరు మీదుగా చెన్నైకి పోయే రోడ్డులో మామిడికాయల కాలంలో లారీలు బారులు తీరి కనిపిస్తాయి. ఒక జూన్ నెలలో అలాంటి లారీ ఒకటి తెల్లవారుజామున మా వీధి చివర ఆగిపోయింది. టీ తాగడానికి ఇంజను ఆపారు. మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ పట్టలేదు. లోడుతో ఉన్న లారీని తోయడం నలుగురి వల్ల అయ్యే పని కాదు. పొద్దెక్కితే కోయంబేడు మార్కెట్లో బేరం తప్పిపోతుంది. కాయ మెత్తబడితే ధర పడిపోతుంది.

“ఒక బ్యాటరీ కొత్తది వేసి రెండు నెలలు గూడా కాలేదు సార్, ఇట్లెందుకయింది?” అని డ్రైవరు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు మీ భౌతికశాస్త్ర పాఠంలోనే ఉంది. ఎలాగో చూద్దాం.

లోపల ఏముంది?

లారీలో ఉండేది సీసం–ఆమ్ల సంచాయక ఘటం. దీనిని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనుగొన్నాడు. ఇందులో ధన ఫలకం లెడ్ డయాక్సైడు, రుణ ఫలకం మెత్తని సీసం. రెండూ సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. విద్యుత్తు ఇచ్చేటప్పుడు రెండు ఫలకాలూ లెడ్ సల్ఫేటుగా మారతాయి. ఆమ్లం ఖర్చయి నీరు ఏర్పడుతుంది. అందువల్ల ద్రవం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఈ చర్య వెనక్కు నడుస్తుంది.

ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరు ఘటాలు శ్రేణిలో కలిపితే 12 వోల్టుల బ్యాటరీ. పెద్ద లారీలో ఇలాంటివి రెండు శ్రేణిలో కలిపి 24 వోల్టులు చేస్తారు. ఎందుకు? స్టార్టరు మోటారుకు 4,800 వాట్ల సామర్థ్యం కావాలనుకోండి. 12 వోల్టుల వద్ద 400 ఆంపియర్లు కావాలి. 24 వోల్టుల వద్ద 200 చాలు. విద్యుత్ ప్రవాహం సగమైతే అదే తీగలో వేడి రూపంలో పోయే నష్టం నాలుగో వంతే.

ఆ రోజు ఏం జరిగింది?

హైడ్రోమీటరు పెట్టి చూశాం. పాత బ్యాటరీలో అయిదు ఘటాలు సుమారు 1.230 చూపాయి. ఆరోది 1.100 కూడా లేదు. ఆ ఘటంలో ఫలకాలు ఒకదానికొకటి తగిలి షార్టయ్యాయి. కొత్త బ్యాటరీలోనేమో నీరు ఫలకాల కంటే కిందికి దిగిపోయి ఉంది!

లెక్క వేయండి. ఇంజను తిరిగేటప్పుడు ఆల్టర్నేటరు సుమారు 28 వోల్టులు ఇస్తుంది. దానిని 12 ఘటాలు పంచుకుంటే ఒక్కొక్క దానికి 2.33 వోల్టులు. ఒక ఘటం చచ్చిపోతే పంచుకునేవి 11 మాత్రమే. అప్పుడు ఒక్కొక్క దానికి సుమారు 2.55 వోల్టులు. అంటే కొత్త బ్యాటరీ మీద 14కు బదులు 15 వోల్టులు దాటి పడుతుంది. అదనపు విద్యుత్తు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. నీరు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, ఫలకాలు చెడతాయి. ఒక్కదాని ఖరీదు మిగులుతుందనుకున్న డ్రైవరుకు చివరికి రెండూ పోయాయి.

కాబట్టి మొదటి సూత్రం: జత బ్యాటరీలను జతగానే మార్చాలి. ఒకే రకం, ఒకే సామర్థ్యం, ఒకే వయసు ఉండాలి.

ఎలా ఎంచుకోవాలి?

బ్యాటరీ మీద ‘150 ఆంపియర్ అవర్’ అని ఉంటే, 20 గంటల పాటు 7.5 ఆంపియర్లు ఇవ్వగలదని అర్థం. 70 వాట్ల దీపాలు రెండు రాత్రి 10 గంటలు వెలిగి ఉంటే 24 వోల్టుల వద్ద దాదాపు 58 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. లారీ తయారీదారు చెప్పిన సామర్థ్యం కంటే తక్కువది కొనకూడదు. తయారైన తేదీ తప్పక చూడాలి. వాడకుండా ఉంచినా బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవుతుంది; అప్పుడు లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికాలై ఫలకాలకు పట్టుకుంటుంది.

చలిదేశాల కొరకు –18 డిగ్రీల వద్ద స్టార్టు చేసే శక్తిని కొలిచి బ్యాటరీ మీద వేస్తారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన పుత్తూరులో చలి కాదు, వేడే శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుర్దాయం సుమారు సగమవుతుంది. ఇలాంటి బ్యాటరీలు మనకు దూరాన తయారయ్యేవి కావు. 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గరి కరకంబాడిలో బ్యాటరీల తయారీ చేపట్టింది.

ఎలా కాపాడుకోవాలి?

నీరు పోసే రకమైతే మట్టాన్ని తరచు చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీటిలోని లవణాలు ఫలకాలను పాడుచేస్తాయి. ఆవిరయ్యేది నీరే కనుక ఆమ్లం పోయకూడదు. పూర్తి ఛార్జిలో ద్రవం సాపేక్ష సాంద్రత సుమారు 1.250 నుంచి 1.280 వరకు, సగం ఛార్జిలో సుమారు 1.200 ఉంటుంది. ఘటాల మధ్య 0.050 కంటే తేడా ఉంటే జబ్బు మొదలైనట్లే.

క్లాంపు బిగువుగా ఉండాలి. లేకుంటే గతుకుల్లో ఫలకాల మీది పదార్థం రాలిపోతుంది. టెర్మినళ్ల మీది తెల్లని పూతను తుడిచి, వాజలీను రాయాలి. విప్పేటప్పుడు రుణ ధ్రువం ముందు, బిగించేటప్పుడు రుణ ధ్రువం చివర. అలా చేస్తే స్పానరు బాడీకి తగిలినా షార్టు కాదు.

ఒక హెచ్చరిక. నీరు ఎంత ఉందో చూడటానికి కొందరు అగ్గిపుల్ల గీస్తారు. పైన చేరిన హైడ్రోజన్ పేలి ఆమ్లం ముఖం మీద పడుతుంది. కళ్లు పోతాయి! ఆమ్లం ఒంటి మీద పడితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి, డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పాత బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టి సీసం తీయకూడదు. సీసం పిల్లల మెదడుకు విషం. దుకాణానికే తిరిగి ఇవ్వాలి. సేకరించి పునరుపయోగానికి పంపే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి నియమాలు చెబుతున్నాయి.

మీరే చేసి చూడండి

ఒక స్ట్రా అడుగున బంకమట్టి ముద్ద అంటించి, గ్లాసు మంచినీటిలో నిలువుగా తేల్చండి. నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తరువాత నాలుగు చెంచాల ఉప్పు కలిపి చూడండి. గీత పైకి వస్తుంది. హైడ్రోమీటరు పనిచేసేది ఈ సూత్రం మీదనే.

ఇక ఒక ప్రశ్న: 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండింటిని శ్రేణిలో కలిపితే 300 అవుతుందా, 150 గానే ఉంటుందా? ఎందుకు? ఆలోచించి మీ సైన్సు మాస్టారికి చెప్పండి.