గవాక్షము, కమాను: కోనసీమ ఇటుక కట్టడముల కిటికీలపై ఒక విచారము

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పాత ఇటుక కట్టడములను వర్ణించువారు పైభాగము వంపు తిరిగిన ప్రతి కిటికీని 'గవాక్షము' అని వ్రాయుచుందురు. అమరసింహుడు వాతాయన, గవాక్ష శబ్దములను పర్యాయములుగా పఠించెను గనుక నిఘంటుదృష్టితో ఇందు దోషము లేదు. కాని ఆ పేరును పట్టుకొని కట్టడమునకు ప్రాచీనతను ఆపాదించినపుడే చిక్కు వచ్చుచున్నది.

గోవు కన్ను వంటిది గవాక్షము. ఇచ్చట అక్షిశబ్దము చూచు ఇంద్రియమును చెప్పదు. కావుననే పాణినీయమున 5.4.76వ సూత్రముచే సమాసాంత అచ్ ప్రత్యయము, 6.1.123వ సూత్రముచే గోశబ్దమునకు అవఙాదేశము కలుగుచున్నవి. అనగా ఈ పేరు ఆకారమును మాత్రమే బోధించును. బరువును మోయు తీరును బోధింపదు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచిన వర్తుల చైత్యగృహపు ముఖమున లాడము వంటి వంపు కలదు. అది కొయ్య కట్టడమునకు రాతిలో అనుకరణము. అక్కడ కొండ తన్ను తానే నిలుపుకొనుచున్నది. వంపునకు పని లేదు.

ఇటుక కమాను సంగతి వేరు. ఇటుక నొక్కుడునకు ఓర్చును, లాగుడునకు ఓర్వదు. కిటికీపై అడ్డముగా పేర్చిన ఇటుకలు నడుమ విరుగును. కొయ్యదూలము వేయవచ్చును గాని డెల్టా తేమకు, చెదలకు అది ఎంతకాలము నిలుచును? వంపుగా పేర్చినపుడు ఇటుకలు ఒకదానినొకటి నొక్కుకొని బరువును ప్రక్కగోడలకు అప్పగించును. ఈ విద్య గోదావరి మండలమున ఎంత పెద్దయెత్తున సాగెనో గన్నవరము అక్విడక్టు చెప్పును. కాటను కాలమున, 1850ల తొలి యేండ్లలో, హేగ్ అను ఇంజనీరు వైనతేయ పాయపై 40 అడుగుల వెడల్పుగల 49 కమానులపై కాలువ నీటిని ఆవలికి నడిపించెను. 2000లో దాని ప్రక్కన కొత్తది వచ్చినది.

మొనదేరిన వంపు కనబడగానే 'మధ్యయుగపు గోథిక్ శైలి' అనుటయు తొందరపాటే. రెండు కేంద్రములతో గీసిన ఆ వంపు 12వ శతాబ్దపు ఫ్రాన్సు చర్చిలలోను, గోలకొండ కుతుబ్‌షాహీ కట్టడములలోను కలదు. మన 'కమాను' శబ్దమే పారసీకము. దాని అర్థము విల్లు. కావున ఆకారమునకంటె ఇటుకల కొలత, సున్నము, కూర్పు కాలనిర్ణయమునకు మేలైన సాక్ష్యములు. నేడు చతురస్రపు చట్రము బిగించుటకై కమానును తొలగించినచో ఆ సాక్ష్యము పోవుటయే గాక, పైగోడ బరువునకు ఆధారమును తప్పును.