పది నిమిషాల పెంకుటిల్లు

మీ అమ్మాయి జొన్నాడ ఏటిగట్టు మీద కూర్చుని పది నిమిషాల్లో ఓ పెంకుటిల్లు గీసి తెచ్చింది. గీత మీద గీత పడింది. కిటికీలు లేవు. కొబ్బరిచెట్టు మొవ్వు దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. "పూర్తి చెయ్యలేదేమే?" అన్నమాట మీ నాలిక చివరే ఉంది. దాన్ని అక్కడే ఉంచండి.

మన పిల్లల్ని ఇల్లు గీయమంటే ఏం గీస్తారో తెలుసుగా. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన ఇల్లు. జొన్నాడలో కొండెక్కడుందండీ! అది పక్కపిల్ల పుస్తకంలోంచి వచ్చిన కొండ. ఈ కాయితం మీద కొండ లేదంటే మీ అమ్మాయి తన కళ్ళతో చూసి గీసిందన్నమాట.

ఇంకాస్త దగ్గరగా చూడండి. పెంకుల వాలు ఒక్క ఊపులో వచ్చింది. చూరు కింద నీడని రెండే రెండు గట్టి గీతల్లో పట్టేసింది. కిటికీ మరిచిపోయి మానెయ్యలేదు, గట్టు మీంచి చూస్తే అది నీడలో కలిసిపోతుంది. ఎండ మారేలోగా ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవడమే ఈ తొందర బొమ్మలో ఉన్న పనంతా. అందుకే రబ్బరు చేతికివ్వకండి. "అచ్చం ఫొటోలా ఉంది" అని కూడా అనకండి, నా దృష్టిలో అది మెప్పే కాదు. "ఎక్కడ కూర్చుని వేశావు? ముందు ఏది గీశావు?" అని అడగండి. తనే చెప్పుకుపోతుంది.

పిల్లల గీతని ఇలా దగ్గరగా చూసిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే, అప్పటికింకా కుర్రాడైన చిత్రకారుడు దామెర్ల రామారావులో బొమ్మలేసే నేర్పు గుర్తుపట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే రామారావు పోయాడు. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిటే ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. ఓ ఆదివారం తీసుకెళ్ళండి. అయితే అక్కడ "నువ్వూ ఇలా వెయ్యాలి" అని మాత్రం అనకండి, ఊరికే పక్కన నిలబడండి.

కాయితం వెనక తేదీ, ఏ వైపు నుంచి చూసిందో తననే రాయమనండి. నాయనమ్మకి చూపించండి. కిటికీ లేకపోయినా ఆ వాలు చూసి ఎవరిల్లో ఆవిడ చెప్పేస్తుంది. ఆ ఇంటివాళ్ళు పెంకు దింపి స్లాబు వేద్దామనుకుంటున్నారన్న కబురు కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది.

రేపు సాయంత్రం తను మళ్ళీ గట్టెక్కితే, టిఫిన్‌కి పిలవడం ఓ పావుగంట ఆలస్యం చెయ్యండి.